లారీ సరుకులో తేడా వస్తే మేస్త్రీ కూలి కోయాలా? చిన్న వ్యాపారంలో పూచీ ఎవరిది?

కురిడీకొట్టు | శనివారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారమండి. అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్టులో మేనేజరుగా చేస్తున్నాను. ఒలుపు, అటక, గ్రేడింగు, లోడింగు అన్నీ కలిపి పాతిక మంది దాకా పని చేస్తారు. రేట్లు, పార్టీలు, డబ్బు షావుకారు గారు చూసుకుంటారు. మిగతాది నా మీద ఉంటుంది.

దసరా ముందు రాజస్థాన్ పార్టీకి ఒక లారీ కురిడీ, అంటే కాయలోనే ఎండిన కొబ్బరి, పంపాం. మొత్తం గండేరా (పెద్ద సైజు రకం) అని బిల్లు రాశాం. అక్కడ దించుకుని గోతాలు విప్పితే చాలావాటిలో గటగట (దానికంటే చిన్న సైజు) కలిసి ఉందట. ఫోటోలు పెట్టారు, బిల్లులో 28 వేలు తగ్గించి మిగతా పంపారు. ఫోటోలు నేనూ చూశాను. వాళ్లు చెప్పింది నిజమే.

ఆ 28 వేలూ గ్రేడింగు మేస్త్రీ కూలిలోంచి వారానికి కొంత చొప్పున పట్టుకోమని షావుకారు గారు చెప్పారు. మేస్త్రీ ఈ కొట్టులో నాకంటే పాత మనిషి. ఆయన కింద ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని ఏరతారు. పట్టుకుంటే ఆయన ఒక్కడే భరిస్తాడా, ఆ ఆరుగురి మీదా పడుతుందా అన్నది కూడా నాకు తెలియడం లేదు.

ఇది న్యాయమేనా? న్యాయం కాకపోతే నష్టం ఎవరు మొయ్యాలి? మళ్లీ ఇలా జరగకుండా ఎవరి పూచీ ఎంతవరకో ఎలా తేల్చుకోవాలి? మీలో కొట్లు, మిల్లులు, షెడ్లు నడిపేవాళ్లు చెప్పండి.


కడియం_మొక్క | శనివారం, రాత్రి 9.55

కటువుగా ఉన్నా చెప్తాను. పట్టుకోవాల్సిందే. మాకు కడియంలో నర్సరీ ఉంది. మొక్క ఎక్కించేటప్పుడు వేరు చుట్టూ ఉన్న మట్టిగడ్డ పగిలిందంటే అది దారిలోనే వాడిపోతుంది. ఎంత మొత్తుకున్నా సంచులు విసిరేసేవారు. ఒక లోడులో చచ్చిన మొక్కల ఖరీదు లోడింగు జట్టు కూలిలో పట్టాను. ఆ తర్వాత ఎవరూ విసరలేదు. జేబుకి తగిలితేనే చేతికి జాగ్రత్త వస్తుంది.

ప్రతి నష్టమూ యజమానే భరించాలంటే బ్యాంకు వాయిదా ఎవరు కడతారండి? ఇల్లు తాకట్టు పెట్టి వ్యాపారం చేసేవాడి సంగతి కూడా ఆలోచించండి.


కౌంట్50_భీమవరం | శనివారం, రాత్రి 10.30

కురిడీకొట్టు గారూ, తీర్పు చెప్పేముందు కొన్ని విషయాలు తెలియాలి. ఆ గోతాలు పగలు ఏరారా, రాత్రా? ఏరాక ఇంకెవరైనా విప్పి చూశారా? గోతం మీద తేదీగానీ గుర్తుగానీ ఉందా? లారీ ఎక్కించమని చివరి మాట ఎవరు చెప్పారు?


కురిడీకొట్టు | శనివారం, రాత్రి 11.05

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. లారీ మర్నాడు మధ్యాహ్నం పెట్టాలి. ట్రాన్స్‌పోర్టు వాళ్లు ముందురోజు సాయంత్రమే పెట్టేశారు, తెల్లారేలోపు కదలాలన్నారు. అప్పటికి సగం సరుకే ఏరి ఉంది. మేస్త్రీ నా దగ్గరకొచ్చి, "మిగతాది దీపాల వెలుతురులో ఏరితే సైజు తేడా తెలీదండి, రేపు పొద్దున్న ఏరి పంపుదాం" అన్నాడు. నేను షావుకారు గారికి ఫోన్ చేసి అదే మాట చెప్పాను. పండగ రేటు పోతుంది, పంపేయమన్నారు. పంపేశాం.

గోతాల మీద గుర్తు లేదు. ఏది ఎవరు ఏరారో, ఎప్పుడు కుట్టారో చెప్పలేను. లారీ ఆపే అధికారం నాకు ఎప్పుడూ లేదు.


కౌంట్50_భీమవరం | ఆదివారం, ఉదయం 6.40

అయితే మేస్త్రీని పక్కన పెట్టండి. సరుకు పాడవుతుందని ముందే చెప్పిన మనిషి దగ్గర కూలి కోస్తే, ఇంకోసారి ఏ మేస్త్రీ నోరు తెరవడు. కొట్టుకి అసలు నష్టం అక్కడ. 28 వేలు వచ్చే లారీలో రాబట్టుకోవచ్చు. "ఇది పంపొద్దండి" అని చెప్పే మనిషి నోరు మూసుకుంటే ఎంత పోతుందో లెక్క కూడా అందదు.

నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్ని. మా దగ్గర గొడవ కౌంట్ మీద, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాని మీద. 50 కౌంట్ అనుకున్నది 60 వస్తే ధర పడిపోతుంది. అందుకే చెరువు గట్టు మీదే, రైతూ కొనేవాడూ ఇద్దరూ చూస్తుండగా తూచి, లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుంటారు. ప్లాంటుకి వచ్చాక ప్రతి పెట్టెకీ లాట్ నంబరు పడుతుంది. విదేశంలో క్లోరాంఫెనికాల్ లాంటి నిషిద్ధ మందు అవశేషం దొరికి సరుకు తిరిగొచ్చిందంటే, ఆ నంబరు పట్టుకుని ఏ రోజు, ఏ షిఫ్టు, ఏ చెరువు అన్నదాకా వెనక్కి వెళ్తాం. ఆహార భద్రతకి పాటించే హాసప్ (HACCP) పద్ధతిలో ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించాలి, అక్కడ హద్దు పెట్టాలి, హద్దు దాటితే ఏం చెయ్యాలో ముందే రాసి ఉండాలి. హద్దు దాటినప్పుడు లైను ఆపే అధికారం అక్కడ నిలబడ్డ మనిషికే ఉంటుంది. నేను రాత్రి పన్నెండింటికి లైను ఆపినా ఓనరుని నిద్ర లేపక్కర్లేదు, పొద్దున్న కారణం రాసిస్తే చాలు.

మీ కొట్టుకి అంత హంగామా వద్దు. కానీ చీకటి పడ్డాక గ్రేడింగు చెయ్యకూడదన్న ఒక్క హద్దు, దాన్ని నిలబెట్టే అధికారం మీకూ మేస్త్రీకీ ఉండి ఉంటే ఈ లారీ కదిలేది కాదు.


లెక్కలపద్దు_తణుకు | ఆదివారం, ఉదయం 8.15

న్యాయం సంగతి పెద్దలు చెప్తారు. చట్టం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే చాలా కొట్లలో ఇది తెలియకుండానే కోతలు పడుతున్నాయి.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. అంతకుముందు 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ దాదాపు ఇదే ఉండేది. నష్టం పేరుతో జీతంలో కొయ్యాలంటే ఆ సరుకు ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి. నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోసేముందు అతని సంజాయిషీ వినాలి. జరిగిన నష్టం కంటే ఒక్క రూపాయి ఎక్కువ కొయ్యకూడదు. అన్ని కోతలూ కలిపినా ఆ దఫా వేతనంలో సగం దాటకూడదు. జరిమానా అయితే 3 శాతమే గరిష్ఠం, అదీ విచారించాకే.

కురిడీకొట్టు గారి లారీ విషయంలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఏ గోతం ఎవరికి అప్పగించారో రాతలో లేదు, నిర్లక్ష్యం ఎవరిదో తేలలేదు, పైగా వద్దన్న మనిషే మేస్త్రీ. లేబరు ఆఫీసుదాకా వెళ్తే షావుకారు గారి చేతిలో చూపించడానికి కాగితం ఉండదు.


కడియం_మొక్క | ఆదివారం, ఉదయం 9.00

లెక్కలపద్దు గారూ, అంటే నేను మా లోడింగు జట్టు దగ్గర పట్టింది కూడా చెల్లదంటారా? విసిరింది నా కళ్లతో చూశానండి.


లెక్కలపద్దు_తణుకు | ఆదివారం, ఉదయం 9.20

విసిరిన మనిషి ఎవరో మీరు చూశారు కాబట్టి, అతన్ని అడిగి, అతని మాట విని, పద్దులో రాసి పట్టుకుంటే ఒక దారి ఉంది. జట్టు మొత్తం కూలిలో పట్టుకోవడం కుదరదు. జాగ్రత్తగా ఎక్కించిన మనిషి కూడా విసిరిన మనిషి బదులు కట్టాడు కదండీ.


నర్సాపురం_లేసు | ఆదివారం, మధ్యాహ్నం 2.10

ఇంటిపని తీరాక రాస్తున్నాను. మా అమ్మ కాలం నుంచీ లేసు పనిలో ఉన్నాం. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకి దారమిచ్చి, అల్లించి, ఎగుమతి వాళ్లకి ఇస్తాను. 2024లో మన నర్సాపురం అల్లికకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని తర్వాత కొనేవాళ్లు నాణ్యత గురించి ఇంకా గట్టిగా అడుగుతున్నారు.

ఈ పనిలో ఎన్నేళ్లుగానో ఒక అన్యాయం నడుస్తోంది. బల్లగుడ్డ మొత్తం అల్లి పట్టుకొచ్చాక "కొలత తప్పింది" అని ఏజెంటు పక్కన పడేస్తాడు. అల్లిన మనిషి కళ్లు, నడుము, పదిహేను రోజుల పని అన్నీ పోతాయి, దారం ఖరీదు కూడా ఆమె మీదే వేస్తారు. తప్పు చాలాసార్లు నమూనాలో ఉంటుంది. ఏజెంటు నోటితో చెప్పిన కొలత ఒకటి, కొనేవాడు అడిగింది ఇంకొకటి.

నేను నేర్చుకున్న పద్ధతి చెప్తాను. ఆర్డరుతో పాటు ఒక అల్లిన పువ్వు నమూనాగా ప్రతి ఇంటికీ ఇస్తాను, నోటిమాట ఉండదు. మొదటి పువ్వు అల్లగానే నేనే వెళ్లి చూస్తాను. అక్కడ తప్పుంటే పోయేది ఒక పూట పని. నేను చూసి బాగుందన్నాక చివర్లో కొలత తేడా వస్తే అది నా ఖాతా, అల్లినావిడకి పూర్తి కూలి ఇస్తాను. నా సంతకం పడ్డాక పూచీ నాది అవుతుందని తెలుసు కాబట్టి మొదటి పువ్వు దగ్గర నేనూ ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తాను.

మీ కురిడీకి కూడా అదే చెయ్యొచ్చు కదా అన్నా? మొదటి గోతం కుట్టకముందు మీరు చూసి, ఒక గండేరా కాయ, ఒక గటగట కాయ ఏరేవాళ్ల ముందు పెట్టండి. సైజు మీద వాదన అక్కడే తీరిపోతుంది.


ధాన్యం_మండపేట | ఆదివారం, సాయంత్రం 5.45

రైస్ మిల్లులో నలభై ఏళ్లు గడిపాను. ఇప్పుడు పిల్లలు చూస్తున్నారు. నర్సాపురం లేసు అమ్మాయి చెప్పిన మాట బంగారం.

నేను షావుకార్లకి ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. శివారు చేలకి నీరందకపోతే మనం శివారు రైతుని తప్పుపట్టం. గట్టు వెంట పైకి నడిచి, బోదె చూసి, తూము చూసి, లాకుల దాకా వెళ్తాం. మన కొట్లలో మాత్రం నష్టం ఎక్కడ బయటపడిందో అక్కడే ఆగిపోతాం, చిట్టచివరి కూలి మనిషి దగ్గర.

జవాబుదారీ పైనుంచి మొదలవ్వాలని అందరూ అంటారు. ఎలా మొదలవ్వాలో నేను చూసింది చెప్తాను. మా నాన్నగారు గల్లాలోంచి సొంత ఖర్చుకి ఎంత తీసినా చీటీ రాసి గుమస్తాకిచ్చేవారు. సంక్రాంతికి మా అక్కకి చీరలు కొన్నా చీటీయే. "మీ డబ్బే కదండీ" అని గుమస్తా అంటే, "నేను చీటీ రాయకపోతే రేపు నిన్ను చీటీ అడిగే హక్కు నాకు ఉండదు" అనేవారు. ఆ మిల్లులో తూకం దగ్గర ఒక బస్తా తేడా వస్తే హమాలీలే వచ్చి చెప్పేవారు. ఎవరూ దాచేవారు కాదు. నేను చూసిన మిల్లుల్లో, యజమాని గల్లాలో చెయ్యి పెట్టి లెక్క చెప్పకుండా పట్టుకుపోయే చోటల్లా కింద తవుడు దగ్గర్నుంచి గోనెల దాకా ఏదీ నిలవలేదు.

పంపేయమన్న మాట షావుకారుది. పండగ రేటు దొరికితే ఆ లాభం ఆయనదే అయ్యేది. కాబట్టి నష్టమూ ఆయనదే.


పీచుతాడు | ఆదివారం, రాత్రి 8.30

పెద్దాయనకి దణ్ణం. నాది కోనసీమలో చిన్న పీచు యూనిట్. కొబ్బరి డొక్కలు కొని పీచు తీస్తాం, పొట్టు కడిగి నర్సరీలకి ఇస్తాం. కడియం వాళ్లు మాకు మంచి ఖాతాదారులు. ఓనర్ని కాబట్టి అటువైపు నుంచి రాస్తున్నాను.

మేనేజరుకి బాధ్యత ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం మన ఓనర్లలో చాలామంది చేసే పని, అది భయం వల్ల చేస్తారు. సంతకం ఇస్తే చెయ్యిజారిపోతుందేమోనని. నేను మా సూపర్‌వైజరుతో కూర్చుని మూడు విషయాలు తెగ్గొట్టుకున్నాను. తడి డొక్క లోడు వస్తే నన్ను అడక్కుండా వెనక్కి పంపొచ్చు. మెషీను బెల్టు, బేరింగు లాంటివి 5 వేల దాకా నన్ను అడక్కుండా కొనొచ్చు. మెషీను దగ్గర రక్షణ కవరు లేకపోతే ఎంత ఆర్డరు ఉన్నా ఆపెయ్యొచ్చు. నెలాఖరున ఏం చేశాడో ఇద్దరం కలిసి చూస్తాం. అతను వెనక్కి పంపిన లోడుల్లో ఒకటి నాకు నచ్చలేదు, అది మా బంధువుల తోట డొక్క. అయినా అతని మాటే నిలబెట్టాను. ఒక్కసారి అతని మీదుగా ఫోన్లో "దించేయ్" అని ఉంటే ఆ అధికారం ఆ రోజుతో పోయేది.

ఇంకోటి. పైన పార్టీ డబ్బు ఆపాడని కింద కూలి ఆపడం నాకు అస్సలు గిట్టదు. ఉద్యమ్‌లో, అంటే చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్‌లో, నమోదైన మాలాంటి యూనిట్లకి కొన్నవాళ్లు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టంలో ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో కూడా, గడువులో కట్టకపోతే కట్టేదాకా ఆ ఖర్చు చూపించుకోవడం కుదరదు. ఇదంతా పార్టీకి ఉత్తరం రాసి గుర్తు చేస్తాను. అది నాకూ పార్టీకీ మధ్య సంగతి. శనివారం కూలి మాత్రం శనివారమే.


రేకుపూత | ఆదివారం, రాత్రి 9.10

ఆత్రేయపురం నుంచి. మా పూతరేకుల పెట్టె మీద తయారీ తేదీ, మా ఫోన్ నంబరు ఉంటాయి. ఫిర్యాదు వస్తే ఫోన్ నేనే ఎత్తుతాను, కొట్లో అమ్మాయికి ఇవ్వను. తిట్లు వినాల్సిన మనిషి నేను కదా. ఏం జరిగిందో ఆరా తియ్యడం ఆ తర్వాత.


కురిడీకొట్టు | ఆదివారం, రాత్రి 10.00

ఇన్ని మాటలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రేపు పొద్దున్న షావుకారు గారితో మాట్లాడాలి. ఆయన చెడ్డ మనిషి కాదు. తుపానుకి మా కూలీల ఇళ్ల మీద రేకులు లేచిపోతే అడక్కుండానే డబ్బిచ్చారు. కానీ వ్యాపారంలో "మీరు పంపమన్నారు" అని ఎదురుగా చెప్తే ఎలా తీసుకుంటారో. పీచుతాడు గారూ, ఓనరుగా మీరైతే ఈ మాట ఎలా వినాలనుకుంటారు?


పీచుతాడు | ఆదివారం, రాత్రి 10.25

ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. మేస్త్రీ ఎదురుగాగానీ, పక్క కొట్టు షావుకారు కూర్చుని ఉండగాగానీ వద్దు. "మీరు పంపమన్నారు" అని మొదలుపెట్టకండి, ఆ రాత్రి ఏ గంటకి ఏం జరిగిందో వరసగా చెప్పండి. ఆయన ఫోను ఆ వరసలో తనంతట తనే వస్తుంది. తర్వాత వెంటనే వచ్చే లారీకి ఏం చేద్దామనుకుంటున్నారో చూపించండి. పరిష్కారం చేతిలో ఉంటే ఓనరుకి వినడం తేలిక.


ధాన్యం_మండపేట | సోమవారం, ఉదయం 5.30

కాగితం మీద రాసుకుని వెళ్లు బాబూ. మాట తడబడదు. ఆయన కోప్పడితే ఆ కాగితం అక్కడే పెట్టి వచ్చెయ్, సాయంత్రం ఆయనే పిలుస్తాడు. కూలి మాత్రం నీ చేత్తో కొయ్యకు.


కౌంట్50_భీమవరం | సోమవారం, ఉదయం 7.00

ఒకటి జోడిస్తాను. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మా ప్లాంటులో రోజుకో పుకారు. మూసేస్తారని, సగం మందిని తీసేస్తారని. ఓనరు పీలింగ్ షెడ్డులోకి వచ్చి, ఏ ఆర్డర్లు ఆగాయో, ఏవి ఉన్నాయో, ఎన్ని షిఫ్టులు తగ్గుతాయో అందరి ముందూ చెప్పాడు. వార్త మంచిది కాదు. అయినా చాలామంది నిలబడ్డారు, ఎందుకంటే తర్వాత అతను చెప్పినట్టే జరిగింది. మీ షావుకారు గారు కూడా ఈ లారీ సంగతి కూలీలకి తానే చెప్తే బాగుంటుంది. మీ నోటి ద్వారా వస్తే మేనేజరు కాపాడాడంటారు, ఆయన ద్వారా వస్తే కొట్టు మాట అవుతుంది.


కురిడీకొట్టు | బుధవారం, రాత్రి 9.40

మాట్లాడానండి. వరసగా చెప్పాను. ఫోను దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపి, కాసేపు అటక వైపు చూస్తూ కూర్చున్నారు. కోప్పడలేదు, ఒప్పుకున్నట్టూ మాట్లాడలేదు. "ఆ 28 వేలు వ్యాపార ఖర్చులో రాయి" అన్నారు. సాయంత్రం మేస్త్రీని పిలిచి, కూలిలో ఏమీ పట్టడం లేదని ఆయనే చెప్పారు. కూలీలందరి ముందూ చెప్పమని అడిగాను, దానికి ఒప్పుకోలేదు.

రెండోది, సాయంత్రం ఆరు దాటాక గ్రేడింగు చెయ్యకూడదన్నదానికి సరేనన్నారు. లారీ ఆపే అధికారం మీద ఇంకా బేరం నడుస్తోంది. ఒక రోజు దాకా ఆపొచ్చు, అంతకు మించితే అడగాలన్నారు. ట్రాన్స్‌పోర్టు వాళ్ల వెయిటింగ్ ఛార్జీ ఎవరు భరించాలన్నది తేలలేదు.

లేసు చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టు రెండు నమూనా కాయలు పెట్టాం. ఏరేవాళ్లలో పెద్దావిడ ఒకరు, ఈ రెండింటి మధ్య సైజు కాయ కూడా ఒకటి పెట్టమంది, గొడవంతా వాటి దగ్గరే వస్తుందట. పెట్టాం.


కడియం_మొక్క | బుధవారం, రాత్రి 10.15

మంచి పని జరిగింది. నా అభిప్రాయం మొత్తం మారలేదు, కావాలని పాడుచేసేవాడి దగ్గర పట్టుకోవాలనే ఇప్పటికీ అంటాను. కానీ జట్టు మొత్తం మీద వెయ్యడం గురించి లెక్కలపద్దు గారు చెప్పింది ఆలోచించదగ్గదే. ఇకమీదట లోడింగుకి మనిషి మనిషికీ వరసలు విడగొట్టి ఇస్తాను. ఆ రోజు పట్టిన డబ్బులో విసరని ముగ్గురిదీ ఈ శనివారం తిరిగిచ్చేస్తాను.

కురిడీకొట్టు గారూ, గోతం మీద ఏం రాస్తున్నారు? మొక్కల ట్రేలకి కూడా అలాంటిది పెడదామనుకుంటున్నాను.


కురిడీకొట్టు | బుధవారం, రాత్రి 10.40

పెద్దగా ఏమీ లేదండి. గోతం మూతి కుట్టేటప్పుడు చిన్న అట్టముక్క కడుతున్నాం. రకం, తేదీ, పొద్దుటి పూటా మధ్యాహ్నమా, ఏరినావిడ గుర్తు. చదువు రానివాళ్లకి రంగు దారం పెట్టాం, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. చివర్లో నా సంతకం. పదింటిలో ఒక గోతం కుట్టకముందు నేను కింద పోసి చూస్తాను, ఆ సంతకం దానికే. చూసిన గోతాల్లో తేడా వస్తే నన్నడగాలి, ఏరినావిడని కాదు.

మీ ట్రేలకి అట్ట పనికిరాదు, నీళ్లకి నానిపోతుంది. ప్లాస్టిక్ ముక్క మీద చెరిగిపోని పెన్నుతో రాయండి.